పాడే మోగే చెట్టు: ఆరేళ్ళ పాపకు చూపించవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. లైప్‌జిగ్‌లో ఉంటున్నారు, పాపకు ఆరేళ్ళు. పక్కింటావిడ తన చిన్నప్పటి సినిమా అంటూ "దాస్ జింగెండె, క్లింగెండె బోయిమ్‌షెన్" (పాడే మోగే చెట్టు) డీవీడీ తెచ్చిచ్చారు. తీరా నెట్‌లో వెతికితే, ఇంగ్లండ్‌లో ఒక తరం పిల్లలు దాన్ని చూసి జడుసుకున్నారని కనబడింది. మీవారేమో "ఆ అట్టముక్కల సెట్టింగులు ఎవరు చూస్తారు, హాయిగా యానిమేషన్ పెట్టు" అంటున్నారు. పాపకు కిండర్‌గార్టెన్ జర్మన్ వచ్చుగానీ సినిమా జర్మన్ అందుతుందో లేదోనని మీ బెంగ. పైగా గ్రిమ్ సోదరుల జానపద కథల పుస్తకమంతా తిరగేసినా ఈ కథ దొరకలేదంటున్నారు.

చూపించండి. పగటిపూట, మీరు పక్కన కూర్చుని, ఒకే బిగిన చివరిదాకా. మొదటి రెండూ ఏ తల్లికైనా తెలిసినవే. ఈ మూడోదాని గురించే నేను కాస్త ఎక్కువ రాయబోతున్నాను, ఎందుకంటే పొరపాటంతా అక్కడే జరుగుతుంది.

నేను ఇక్కడ ఒక ఊరి లైబ్రరీలో పిల్లల విభాగంలో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. చలికాలంలో శనివారాలు పిల్లలకు సినిమాలు వేస్తాం. పాత తూర్పు జర్మనీ డేఫా స్టూడియో తీసిన మేర్షెన్ (అద్భుత కథల) సినిమాలు మా దగ్గర ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి. తాతయ్యలు అమ్మమ్మలు అడిగి మరీ వేయించుకుంటారు. కాబట్టి ఇవి పిల్లలు చూస్తుండగా పక్కనుంచి చూసి చెబుతున్న మాటలే గానీ సినిమా పండితుడి మాటలు కావు.

ముందు కథ ఎందుకు దొరకలేదో చెబుతాను. అలాంటి కథ ఒకటి పుస్తకంలో లేదు. 1957లో వచ్చిన ఈ సినిమా కథను నాలుగైదు గ్రిమ్ కథల ముక్కలతో అల్లారు. మూలంగా చెప్పేది "హుర్లెబుర్లెబుట్స్" అనే కథ. అడవిలో దారి తప్పిన రాజుకు ఓ మరుగుజ్జు దారి చూపించి, బదులుగా చిన్న కూతుర్ని ఇమ్మంటాడు. ఈ కథ 1812 నాటి మొదటి ముద్రణలో ఉంది, తర్వాతి ముద్రణకల్లా గ్రిమ్ సోదరులే తీసేశారు. ఇప్పుడు బజార్లో దొరికే పుస్తకాలన్నీ దాదాపుగా 1857 నాటి చివరి ముద్రణను పట్టుకుని వేసినవి, అందుకే మీకు కనబడలేదు. ఇంకో ముక్క 88వ కథది: తండ్రి ఒక పాడే పిట్ట కోసం, ఇంటికి వెళ్ళగానే మొదట ఎదురొచ్చేదాన్ని ఇచ్చేస్తానని మాట ఇస్తాడు, ఎదురొచ్చేది కూతురే. గర్వపు రాకుమారి 52వ కథ నుంచి వచ్చింది. ఎలుగుబంటిగా మారిన రాకుమారుడూ, అతనికి శత్రువైన మరుగుజ్జూ 161వ కథలో ఉన్నారు. మీ పుస్తకంలో ఈ మూడు నంబర్లూ తీసి చూడండి, సినిమా తాలూకు చుట్టాలందరూ అక్కడే ఉంటారు.

సినిమా కథ క్లుప్తంగా. ఒక రాకుమారుడు పెట్టెడు ముత్యాలతో పెళ్ళి అడగడానికి వస్తాడు. రాకుమారికి ఒళ్ళంతా పొగరు. ముత్యాలను ఈసడించి, నాకు పాడే మోగే చెట్టు కావాలి అంటుంది. అది ఒక మాయలోకంలో మరుగుజ్జు దగ్గర ఉంటుంది. అతను ఇవ్వడానికి ఒప్పుకుంటాడు, కానీ షరతు పెడతాడు. రాకుమారి నిజంగా ప్రేమిస్తేనే చెట్టు పాడుతుంది, పొద్దుగూకేలోగా పాడకపోతే నువ్వు నా చేతికి చిక్కుతావు అంటాడు. రాకుమారుడు తొందరపడి, అలా జరిగితే నేను ఎలుగుబంటినైపోతాను అని నోరు జారతాడు. చెట్టు పాడదు, రాకుమారి తిప్పికొడుతుంది, అతను ఎలుగుబంటి అవుతాడు. తర్వాత ఆమెకు మళ్ళీ ఆ చెట్టే కావాలని పేచీ. తండ్రి వెళ్ళి, మొదట ఎదురొచ్చేదాన్ని ఇస్తానని ఎలుగుబంటికి మాట ఇచ్చి చెట్టు తెస్తాడు, ఎదురొచ్చేది కూతురు. ఎలుగుబంటి వచ్చి ఆమెను మాయలోకానికి తీసుకుపోతుంది. అక్కడ మరుగుజ్జు మంత్రంతో ఆమె అందం పోతుంది. పశుపక్ష్యాదులు దగ్గరికి రావు. మంచులో చిక్కుకున్న పెద్ద బంగారు చేపకూ, గుర్రానికీ, పావురానికీ సాయం చేస్తూ చేస్తూ ఆమె మనసు మెత్తబడుతుంది, రూపం తిరిగొస్తుంది. చివర్లో చెట్టు చుట్టూ మంటలు లేస్తే వాటిలోంచి నడిచి వెళ్ళి చెట్టును పట్టుకుంటుంది. చెట్టు పాడుతుంది. మొత్తం సుమారు గంటంబావు.

ఇందులో రక్తం లేదు, నరకడం లేదు, ఎవరినీ పొయ్యిలో తోయడం లేదు. మరి ఇంగ్లండ్ పిల్లలు ఎందుకు అంత భయపడ్డారు?

1964లో బీబీసీ ఈ సినిమాను కొని, మూడు ముక్కలు చేసి, వారానికో ముక్క చొప్పున పిల్లల కార్యక్రమంలో వేసింది. బ్రిటన్‌లో టీవీకి రంగు వచ్చిందే 1967లో. అంటే రంగుల సినిమా వాళ్ళకు నలుపు తెలుపుల్లో అందింది. జర్మన్ మాటలు అలాగే వినబడుతుంటే, వాటి మీద ఒక ఇంగ్లీషు గొంతు కథ చెప్పుకుంటూ పోయేది. ఇప్పుడు ఆ పిల్లవాడి వైపు నుంచి చూడండి. రాకుమారుడు ఎలుగుబంటి అయ్యాడు. ఏదో అర్థంకాని భాషలో ఎవరో అరుస్తున్నారు. మరుగుజ్జు నవ్వుతున్నాడు. కార్యక్రమం అయిపోయింది, అమ్మ అన్నానికి పిలిచింది. ఆ నవ్వు ఇంకో ఏడు రోజులపాటు పిల్లవాడి దగ్గరే ఉండిపోయింది. రికార్డు చేసుకునే యంత్రం ఇంట్లో లేదు, వచ్చే వారం చుట్టాలింటికి వెళితే ముగింపు ఎప్పటికీ తెలియదు. పెద్దయ్యాక కూడా వాళ్ళలో చాలామందికి గుర్తుండేది మరుగుజ్జూ, ఆ వింత లోకమే. చెట్టు పాడిందా లేదా అన్నది గుర్తుండదు. దశాబ్దాల తర్వాత కూడా ఆ దేశంలో దీని మీద ఒక హాస్య కార్యక్రమంలో పేరడీ చేశారంటే ఎంతగా నాటుకుపోయిందో చూడండి. ఇదే సినిమాను జర్మనీలో థియేటర్లో మొదటి నుంచి చివరిదాకా రంగుల్లో చూసిన మీ పక్కింటావిడ తరం మాత్రం దీన్ని తీపి గుర్తుగా దాచుకుంది. డీవీడీ కొని పక్కింటి పాపకు తెచ్చిస్తోంది. సినిమా ఒకటే, వడ్డించిన పద్ధతి వేరు.

అందుకే నేను అనేది: భయం వేసే చోట సినిమా ఆపకండి. తల్లిదండ్రులకు చెయ్యి రిమోట్ మీదికి పోయేది సరిగ్గా అక్కడే. పాప మొహం చిన్నబోగానే "వద్దులే తల్లీ, ఇంకేదన్నా చూద్దాం" అని ఆపేస్తారు. ప్రేమతోనే. కానీ ఆపింది మనం, పాప బుర్రలో సినిమా ఆగదు. ఎలుగుబంటి రాకుమారిని ఎత్తుకుపోతూనే ఉంటుంది.

మా లైబ్రరీలో ఒకసారి జరిగింది చెబుతాను. ఓ ఐదేళ్ళ బాబు తండ్రితో వచ్చాడు. ఎలుగుబంటి కోటలోకి వచ్చే ఘట్టంలో కుర్చీలోంచి జారి తండ్రి ఒళ్ళోకి ఎక్కాడు. ఏడవలేదు, కళ్ళు మూసుకోలేదు కూడా. తండ్రి చొక్కా కాలరు గుప్పిట్లో పట్టుకుని తెర వైపే చూస్తున్నాడు. నన్నడిగితే పిల్లవాడు తనకు కావలసిన ఏర్పాటు తానే చేసుకున్నాడు. తండ్రి మాత్రం లేచి, జాకెట్ తొడిగించి, తీసుకుపోయాడు. రెండు వారాలయ్యాక తల్లి వచ్చి, వీడు రోజూ రాత్రి పడుకునేముందు "ఆ అమ్మాయి ఇంకా అక్కడే ఉందా" అని అడుగుతున్నాడండీ అంది. డీవీడీ ఇచ్చి, ఆపిన చోటు నుంచి కాకుండా మొదటి నుంచీ చూపించమన్నాను. చూశారు. తిరిగి ఇవ్వడానికి వచ్చినప్పుడు బాబు నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: ఆ చేప తర్వాత ఏం తింటుంది?

నిజంగా ఆపాల్సి వస్తే, అంటే పాప వెక్కి వెక్కి ఏడుస్తుంటే, బొమ్మ ఆపినా కథ ఆపకండి. తెర ఆపి, ఒళ్ళో కూర్చోబెట్టుకుని, మిగతాది నోటితో చివరిదాకా చెప్పేయండి. "తర్వాత ఏమవుతుందంటే, చేపను కాపాడుతుంది, గుర్రాన్ని కాపాడుతుంది, చెట్టు పాడుతుంది, ఎలుగుబంటి మళ్ళీ మనిషైపోతాడు." ఆ తర్వాత మళ్ళీ చూస్తానంటే పెట్టండి, లేదంటే లేదు.

ఇక్కడే మీ భాష బెంగకు కూడా మందుంది. సినిమాకు ముందురోజు కథ మొత్తం తెలుగులో చెప్పేయండి, ముగింపుతో సహా. పెద్దవాళ్ళం కాబట్టి ముగింపు ముందే చెబితే మజా పోతుందనుకుంటాం. ఆరేళ్ళ పిల్లకు అలాంటి పట్టింపు లేదు. చందమామ కథ పదిసార్లు చెప్పించుకున్న పిల్లకు పదకొండోసారి కూడా ముగింపు తెలిసే ఉంటుంది, అందుకే అడుగుతుంది. కథ తెలిస్తే మాటలు సగం అర్థం కాకపోయినా ఫర్వాలేదు. సినిమా నడుస్తుండగా మీరు పక్కనుంచి తెలుగులో ఒకటీ అరా వాక్యం అందిస్తూ ఉండండి. బీబీసీ చేసిన పని కూడా అదే కదా, కాకపోతే అక్కడ గొంతు పెట్టెలోంచి వచ్చింది, ఇక్కడ పక్కనుంచి వస్తుంది. ఆ తేడా పిల్లలకు చాలా పెద్దది. నార్వేలో "మూడు హేజెల్‌నట్లు" సినిమాను (దాని సంగతి కింద చెబుతాను) ప్రతి క్రిస్మస్‌కూ ఒకే ఒక్క మగగొంతుతో వేస్తారు. సిండ్రెల్లాకీ, సవతితల్లికీ, రాజుకీ అందరికీ క్నుట్ రిసాన్ అనే నటుడే మాట్లాడేశాడు. అక్కడివాళ్ళకు ఆ గొంతు లేకపోతే పండగే కాదు. కాబట్టి మీ డబ్బింగ్ గురించి మొహమాటపడకండి. అమ్మమ్మ వీడియో కాల్‌లో ఉంటే ఆవిడకే ఆ పని అప్పజెప్పవచ్చు.

అర్థంకాని ప్రతి మాటకీ సినిమా ఆపి అర్థం చెప్పడం మాత్రం వద్దు. అది బడి అయిపోతుంది.

ఇక మీవారి అట్టముక్కల సెట్టింగులు. ఆయన కన్ను కరెక్టే. ఈ సినిమా మొత్తం పోట్స్‌డామ్ పక్కనున్న బాబెల్స్‌బెర్గ్ స్టూడియోలోనే తీశారు. కోట, మాయలోకం, వాగు, రాళ్ళు, మంచు, అన్నీ వేసిన సెట్లే. ఎలుగుబంటి వేషం కట్టిన మనిషని ఇట్టే తెలిసిపోతుంది. చేప బొమ్మ చేప. దాచే ప్రయత్నం కూడా పెద్దగా లేదు. కానీ ఆయన లోపం అనుకునేదే పిల్లలకు పనికొచ్చే గుణం. కంప్యూటర్‌తో చేసిన ఎలుగుబంటి వెంట్రుక వెంట్రుకా కదులుతూ, చొంగ కారుస్తూ మీదికొస్తే, అది నిజం కాదని పిల్లలకు చెప్పడానికి మన దగ్గర ఆధారం ఉండదు. ఇక్కడ ఆధారం తెర మీదే ఉంది. పిల్లలు భయపడుతూనే "అది నిజం చేప కాదు" అని పక్కవాడికి చెవిలో చెబుతుంటారు. భయమూ ధీమా రెండూ ఒకేసారి ఉంటాయి. మన పాత జానపద సినిమాలు చూసి పెరిగిన తాతయ్యలకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. మాయలఫకీరుకు భయపడినవాళ్ళెవరూ వెనక తెర మీద గీసిన కొండను నిజం కొండ అనుకోలేదు.

అట్టముక్కలే అయినా ఆషామాషీ పనితనం కాదు. ఆ స్టూడియో 1912 నాటిది. మూకీల కాలంలో "మెట్రోపోలిస్" తీసింది అక్కడే. యుద్ధం తర్వాత 1946లో డేఫా ఏర్పడి ఆ చోటునూ, ఆ పనివాళ్ళలో చాలామందినీ అందుకుంది. "మెట్రోపోలిస్" మాయాదృశ్యాలకు పనిచేసిన ఎర్న్‌స్ట్ కున్‌స్ట్‌మానే 1950లో డేఫా మొదటి రంగుల సినిమాకూ ట్రిక్కులు చేశాడు. ఈ చెట్టు సినిమాకు వాడింది ఆగ్ఫాకలర్ ఫిల్ము. ఆ గులాబీలూ, మణుల్లాంటి నీలాలూ ఇప్పటి సినిమాల్లో కనబడవు. ఆ ఫిల్ము పుట్టిల్లు మీకు దగ్గరే, లైప్‌జిగ్‌కు ఉత్తరాన వోల్ఫెన్‌లో. ఇప్పుడక్కడ పాత ఫ్యాక్టరీ కట్టడంలో ఫిల్ము తయారీ మ్యూజియం ఉంది. మీవారికి యంత్రాల మీద ఆసక్తి ఉంటే ఓ ఆదివారం తీసుకెళ్ళండి. మనసు మారవచ్చు.

రాకుమారి వేసిన క్రిస్టెల్ బోడెన్‌స్టైన్ బ్యాలే నేర్చుకున్న అమ్మాయి. ఆమె నడకా, విసురుగా తల తిప్పడం గమనించండి. మాటలు అర్థంకాని పిల్లలకు కూడా ఈ పిల్ల పొగరుబోతని మొదటి నిమిషంలో తెలిసిపోయేది అందుకే. దర్శకుడు ఫ్రాన్సెస్కో స్టెఫానీ పశ్చిమ జర్మనీ నుంచి వచ్చినవాడు. రాకుమారుడు వేసిన ఎకార్ట్ డుక్స్‌దీ పడమటి వైపే. బెర్లిన్ గోడ 1961లో లేచింది కాబట్టి 1957లో ఇంకా ఈ రాకపోకలు కుదిరేవి. తూర్పు జర్మనీ విమర్శకులకు మాత్రం సినిమా అంతగా నచ్చలేదు. రాజులూ రాకుమారులూ తప్ప కష్టజీవి ఒక్కడూ లేడు, సమాజానికి ఏం చెబుతున్నట్టు అన్నారు. ఆ విమర్శ ఇప్పుడు చదివితే నవ్వొస్తుంది.

నాకు నిజంగా ఇబ్బందిగా ఉండేవి వేరే రెండున్నాయి. మీరు ముందే తెలుసుకుని కూర్చోవడం మంచిది.

మొదటిది మరుగుజ్జు. ఆ పాత్ర వేసిన రిషార్డ్ క్రూగర్ నిజంగానే పొట్టి మనిషి, మంచి నటుడు. కానీ సినిమాలో పొట్టిగా ఉన్నవాడు ఒక్కడే, దుర్మార్గుడూ ఒక్కడే, ఇద్దరూ ఒకరే. ఆరేళ్ళ పిల్ల రెంటినీ ముడిపెట్టేసుకుంటుంది. రేపు ట్రాములో అలాంటి మనిషి కనబడితే మీ చెయ్యి గట్టిగా పట్టుకుంటుంది. మా దగ్గర సినిమా అయ్యాక ఎప్పుడూ ఒక మాట చెబుతాం: "ఆయన నటుడు, పని అయిపోయాక వేషం తీసేసి ఇంటికి వెళ్ళేవాడు. పొట్టిగా ఉన్నవాళ్ళు మనలాంటివాళ్ళే, ఉద్యోగాలు చేసుకుంటారు, పిల్లల్ని పెంచుకుంటారు." ఉపన్యాసం అక్కర్లేదు, ఈ రెండు వాక్యాలు చాలు. చెప్పకుండా వదిలేయడం మాత్రం నాకు నచ్చదు.

రెండోది అందం సంగతి. మనసు చెడ్డదైతే మొహం వికారమవుతుంది, మంచిదైతే అందం వస్తుంది. గ్రిమ్ కథల నిండా ఇదే లెక్క, ఈ సినిమాలో దాన్ని మేకప్‌తో కళ్ళకు కట్టినట్టు చూపించారు. దీనికి నా దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు లేదుగానీ, మా పిల్లల్లో ఒక అమ్మాయి అన్న మాట ఉంది: "చేపకు ఆమె మొహంతో పనేంటి, మంచు పగలగొడితే చాలు కదా." ఆ అమ్మాయికి కథ సరిగ్గానే అందింది. మీ పాప ఏమంటుందో అడగండి, మీరు ముందే చెప్పకండి.

ఇక "ముందు దీనితోనే మొదలుపెట్టనా" అంటే, నేనైతే వద్దంటాను. పాప ఇప్పటిదాకా యానిమేషన్ తప్ప చూడలేదు. మనుషులు నటించే మేర్షెన్ సినిమాకు కన్ను అలవాటు పడాలి. మొదట 1963 నాటి "ఫ్రౌ హోలె" చూపించండి. పరుపు దులిపితే లోకంలో మంచు కురుస్తుంది, కష్టపడే అమ్మాయి మీద బంగారం, సోమరి అమ్మాయి మీద తారు. పుస్తకంలో 24వ కథ, కాబట్టి ముందురోజు చదివి వినిపించవచ్చు. సెట్లు నాటకంలోలా పొదుపుగా ఉంటాయి, భయం దాదాపు లేదు. తర్వాత కావాలంటే 1965 నాటి "కోనిష్ డ్రోసెల్‌బార్ట్", ఇందాక చెప్పిన 52వ కథ. కారిన్ ఉగోవ్‌స్కీ, మాన్‌ఫ్రెడ్ క్రూగ్ ఇద్దరూ హాయిగా చేశారు. పొగరుబోతు రాకుమారికి కుండలమ్ముకునే పని పడే ఘట్టానికి పిల్లలు పొట్టచెక్కలయ్యేలా నవ్వుతారు. కొత్తవి కావాలంటే ఏఆర్‌డీ టీవీ వాళ్ళు 2008 నుంచి ఏటా క్రిస్మస్‌కు గంట నిడివిగల మేర్షెన్ సినిమాలు తీస్తున్నారు. నాణ్యత ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది, కానీ భాష ఇప్పటిది, చిన్నపిల్లలకు సులువు.

"ద్రై హాసెల్‌న్యుసె ఫ్యుర్ ఆషెన్‌బ్రోడెల్" (ఇందాకటి "మూడు హేజెల్‌నట్లు") గురించి ఈపాటికే విని ఉంటారు. డిసెంబరులో జర్మనీలో ఏ చానెల్ తిప్పినా అదే. 1973లో డేఫా, ప్రేగ్‌లోని బారాన్‌డొవ్ కలిసి తీశాయి. కథ సిండ్రెల్లాదే అయినా గ్రిమ్‌ది కాదు, చెక్ రచయిత్రి బొజెనా నెమ్‌త్సోవా రాసిన రూపం. ముందు వేసవిలో తీద్దామనుకున్నారట. డేఫాకు చలికాలంలోనే వీలు దొరకడంతో మంచులోకి మారింది, ఇవాళ ఆ మంచు లేకుండా ఆ సినిమాను ఊహించుకోలేం. ఇందులో సిండ్రెల్లా గుర్రమెక్కి, బాణం వేసి, రాకుమారుణ్ణి ఆటపట్టిస్తుంది. ఆడపిల్లకు చూపించడానికి ఇంతకంటే మంచి సిండ్రెల్లా నాకు తెలియదు. షూటింగ్ జరిగిన మోరిట్స్‌బుర్గ్ కోట డ్రెస్డెన్ పక్కనే, మీకు ఒక్కరోజు ప్రయాణం. చలికాలంలో అక్కడ ఈ సినిమా మీద ప్రదర్శన పెడతారు. చెప్పు జారిపడిన మెట్ల దగ్గర ఫొటో కోసం క్యూ ఉంటుంది, ఓపిక తెచ్చుకోండి.

ఈ మూడింటిలో రెండు చూశాక చెట్టు సినిమా పెట్టండి. అప్పటికి పాపకు ఈ లోకపు పద్ధతి తెలుస్తుంది: మంత్రం పడుతుంది, మంత్రం విడిపోతుంది.

ఒక్కదానికి మాత్రం తొందరపడకండి, పక్కింటావిడ ఇచ్చినా సరే. ఇందాక మొదటి రంగుల సినిమా అన్నాను చూడండి, 1950 నాటి "దాస్ కాల్టె హెర్త్స్". జర్మన్ రచయిత విల్‌హెల్మ్ హౌఫ్ కథ. బొగ్గులు కాల్చుకునే పేదవాడు డబ్బు కోసం తన గుండెను ఒక రాక్షసుడికి ఇచ్చేసి రాతిగుండె పెట్టించుకుంటాడు. కొన్న గుండెలన్నీ ఆ రాక్షసుడి ఇంట్లో కొట్టుకుంటూ ఉంటాయి. గొప్ప సినిమా, నాకైతే డేఫా మేర్షెన్ సినిమాలన్నిట్లోకీ ఇదే పైన. కానీ అక్కడ భయం ఎలుగుబంటి వేషంలో రాదు. మామూలు మనిషి, మంచివాడు, కళ్ళముందే కఠినుడైపోయి భార్య మీద చెయ్యి చేసుకుంటాడు. చివర్లో అన్నీ చక్కబడినా అది పిల్లల మనసులోంచి అంత తేలిగ్గా పోదు. తొమ్మిదీ పదేళ్ళు వచ్చాక చూడవచ్చు. హౌఫ్‌దే కావాలంటే 1953 నాటి "చిన్న ముక్" ఉంది. మాయచెప్పులతో పరుగు పందెం, గాడిద చెవులు, అన్నీ నవ్వులే. ఏడేళ్ళకు హాయిగా సరిపోతుంది.

డీవీడీ అట్ట మీద ఎఫ్‌ఎస్‌కే అంకె (ఏ వయసు నుంచి చూడవచ్చో చెప్పేది) చూసి నిర్ణయించుకుంటానని కూడా రాశారు. ఆ అంకె చట్టం కోసం వేసేది. సున్నా అని ఉంటే చిన్నపిల్లలకు హాని లేదని అర్థం. ఆ వయసువాళ్ళకు నచ్చుతుందనో, అర్థమవుతుందనో కాదు. సున్నా ఉన్న సినిమాకు బిగుసుకుపోయిన పిల్లలున్నారు, ఆరు ఉన్నదానికి పకపకా నవ్విన నాలుగేళ్ళవాళ్ళూ ఉన్నారు. అట్ట కంటే పక్కింటావిడను అడగడం మేలు. ఏ ఘట్టంలో తన పిల్లలు సోఫా వెనక దాక్కున్నారో ఆవిడకు ఇప్పటికీ గుర్తుంటుంది. వీలైతే సినిమాకు ఆవిడనూ పిలవండి. మీరు తెలుగులో కథ చెబుతుంటే ఆవిడ జర్మన్‌లో అందుకుంటారు, మీ పాపకు రెండు వైపులా మనిషి ఉంటుంది.

చూశాక పాప వెంటనే మళ్ళీ పెట్టమని అడిగితే, చాలామంది పిల్లలు అడుగుతారు, పెట్టండి. రెండోసారి మీరు పక్కన లేకపోయినా ఫర్వాలేదు, వంటింట్లో మీ పని చూసుకోవచ్చు. తలుపు మాత్రం తీసి ఉంచండి.